ఐరిష్ ప్రీస్కూల్లో ఆట: అపోహలు - వాస్తవాలు

ఐర్లాండులో పూర్తిగా ఐరిష్ భాషలో నడిచే ప్రీస్కూల్‌ని నీన్‌రా అంటారు. ఐరిష్ వాడుకలో ఉన్న ప్రాంతాల్ని గేల్తఖ్త్ అంటారు. వాటిని పక్కన పెడితే, నీన్‌రాకి వచ్చే పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఇంగ్లీషే. అక్కడ స్థిరపడిన తెలుగువాళ్ళు పిల్లల్ని చేర్పించేముందు అడిగే సందేహాలు, మిగతా తల్లిదండ్రులు అడిగేవి దాదాపు ఒకటే.

అపోహ: రోజంతా ఆటలే, చదువేమీ చెప్పరు.

ఆటే అక్కడి చదువు. పుట్టినప్పటి నుంచి ఆరేళ్ళ దాకా పిల్లలు ఎలా నేర్చుకుంటారో చెప్పే ఆష్తర్ అనే ప్రణాళిక 2009లో వచ్చింది. ఆ మాటకు ప్రయాణం అని అర్థం. ఆరోగ్యం-ఆనందం, నేను ఎవరు నావాళ్ళు ఎవరు, చెప్పడం-వినడం, వెతకడం-ఆలోచించడం అని నాలుగు అంశాలుంటాయి. అక్షరాలు దిద్దించమని ఎక్కడా లేదు. మట్టి పిసకడం, కాగితం చింపడం, వేళ్ళతో రంగులు పుయ్యడం, ఇవన్నీ పెన్సిలు పట్టబోయే చేతికి బలం. 2010 నుంచి ప్రభుత్వమే ఉచితంగా రోజుకు మూడు గంటలు, వారానికి ఐదు రోజులు, ఏడాదికి 38 వారాలు ప్రీస్కూల్ ఇస్తోంది. నీన్‌రాలూ ఈ పథకం కిందికి వస్తాయి.

అపోహ: ఆడుకోమని వదిలేస్తే భాష దానంతటదే వచ్చేస్తుంది.

రాదు. వదిలేస్తే పిల్లలు తమకు వచ్చిన ఇంగ్లీషులోనే ఆడుకుంటారు. పక్కన ఐరిష్ మాట్లాడే పెద్దవాళ్ళు ఉండాలి, ఉండి ఏం చెయ్యాలో తెలిసి ఉండాలి.

నీళ్ళ తొట్టి దగ్గర చూడండి. లోపల బెత్తెడు లోతు నీళ్ళు చాలు. రెండు సైజుల సీసాలు, ఒక గరాటు, నాలుగు కప్పులు. బొమ్మలు ఇంకా పోస్తే పిల్లలు వాటిని ఏరుకోవడంలో పడతారు, మాటకు చోటుండదు. తొట్టి చుట్టూ నలుగురికి మించొద్దు. టీచరు మోకాళ్ళ మీద కూర్చుని, పిల్లల కళ్ళకు ఎదురుగా ఉండాలి. వారానికి నాలుగైదు మాటలే ఎంచుకోవాలి: ఇష్కె అంటే నీళ్ళు, దొర్ట్ అంటే పొయ్యమనడం, లాన్ అంటే నిండింది, ఫొలవ్ అంటే ఖాళీ.

ఒక పాప ఖాళీ సీసా చాపి ‘మోర్ వాటర్’ అంటుంది. అప్పుడు ‘ఐరిష్‌లో చెప్పు’ అనకూడదు. ‘తిల్యె ఇష్కె? షో దిట్’ అంటూ పొయ్యాలి. ఇంకా నీళ్ళా, ఇదిగో అని. పాపకి కావలసిన నీళ్ళు దొరికాయి, వాటితోపాటే మాటా చెవిన పడింది.

ఎక్కువగా చెడేది మూడు చోట్ల. ఒకటి, ‘ఇదేం రంగు? ఇవెన్ని?’ అని వరసగా అడగడం. ఆట కాస్తా పరీక్ష అయిపోయి పిల్ల లేచి వెళ్ళిపోతుంది. రెండోది, ఐరిష్‌లో చెప్పిన వెంటనే ఇంగ్లీషులో మళ్ళీ చెప్పడం. అన్నిటికన్నా నష్టం దీనివల్లే. వారం తిరక్కుండానే పిల్లలు మొదటిమాట వినడం మానేసి రెండోదాని కోసం ఆగుతారు. అర్థం చేతల్లోనే తెలియాలి: ‘కిర్ ఓర్త్ దొ ఖోతా’ అంటూ మన కోటులో మనం చెయ్యి దూరిస్తే, కోటు వేసుకోమంటున్నారని ఎవరికైనా తెలుస్తుంది. రోజూ అదే వేళకు, అవే మాటలు. మూడోది, పావుగంటకే ఆట ఆపించడం. దుకాణం ఆటలో కొట్టువాడు ఎవరు, కొనేది ఎవరు అని తేలేసరికే పావుగంట పడుతుంది. బేరాలు మొదలయ్యేది ఆ తర్వాతే. కనీసం 45 నిమిషాలు కదపకుండా వదలాలి.

అపోహ: మా బాబు ఒక్క ముక్క కూడా ఐరిష్‌లో మాట్లాడట్లేదు, ఏమీ రావట్లేదు.

ముందు అర్థం చేసుకోవడం, తర్వాతే మాట్లాడటం. మధ్యలో వారాలు, కొందరికి నెలలు పడుతుంది. ఎంత వచ్చిందో చూడాలంటే చేత్తో చూపించకుండా, మాటతో మాత్రమే కోటు తెమ్మనండి. తెచ్చాడంటే వచ్చినట్టే. మొదట బయటికొచ్చేవి విడిపదాలు, ‘తా ఒక్రస్ ఓరమ్’ లాంటి అచ్చుగుద్దిన వాక్యాలు. ఆకలేస్తోందని చెప్పడం అది.

తెలుగు చెవికి ఐరిష్ మరీ పరాయిగా ఉండదు. అవును, కాదు అనే మాటలే అందులో లేవు. దాహంగా ఉందా అంటే ‘తా’, ఉంది అనో ‘నీల్’, లేదు అనో క్రియతోనే జవాబు. మనుషుల్ని లెక్కపెట్టడానికి వేరే మాటలున్నాయి: బెర్ట్, త్ర్యూర్, క్యాహ్రర్. అచ్చం మన ఇద్దరు, ముగ్గురు, నలుగురు. తొట్టి దగ్గర ఎంతమంది ఉండాలో చెప్పేది ఈ క్యాహ్రర్‌తోనే.

అపోహ: గేల్తఖ్త్‌లో అయితే ఇబ్బందే ఉండదు.

అక్కడా ఉంది. ఇంట్లో ఐరిష్ మాట్లాడే పిల్లలకు ఇంగ్లీషూ వచ్చు. ఐరిష్ రానివాళ్ళతో కలిపి ఆడిస్తే ఆట మొత్తం ఇంగ్లీషులోకి జారుతుంది. అందుకే రోజులో కొంతసేపు ఇంట్లో ఐరిష్ మాట్లాడే పిల్లల్ని చిన్న గుంపుగా కూర్చోబెట్టి, వాళ్ళ స్థాయికి తగ్గ కథలు, పొడుగు సంభాషణలు నడపాలి. వాళ్ళని నేర్చుకునే పిల్లలకు సహాయకులుగా వాడుకోవడం అన్యాయం.

అపోహ: తెలుగు, ఇంగ్లీషు, పైన ఐరిష్. పిల్లవాడు తికమకపడతాడు, ఇంట్లో తెలుగు ఆపేద్దాం.

ఆపొద్దు. మాటలు కలిపి మాట్లాడటం తికమక కాదు. ఇంట్లో గట్టిగా ఉన్న భాష మీదే రెండోది, మూడోది నిలబడతాయి. తెలుగులో కూడా వయసుకు తగ్గ మాటలు రాకపోతే స్పీచ్ థెరపిస్టుకు చూపించాలి. దానికి ఒక భాష మానిపించడం మందు కాదు.

మీకు ఐరిష్ రాకపోయినా ఫరవాలేదు. చేరే రోజున మాత్రం ఒక చీటీ ఇవ్వండి: మీ పిల్ల ఇంట్లో వాడే పది మాటలు, టీచరు చదవగలిగేలా ఇంగ్లీషు అక్షరాల్లో, పక్కన అర్థంతో. నీళ్ళు, నొప్పి, వద్దు, చాలు, అమ్మ. ఒంటికి, రెంటికి తప్పకుండా రాయండి. ఆ రెండూ తెలియకే మొదటి వారంలో బట్టలు తడిసేది.