డేర్‌డెవిల్ తొలి సీజన్: చూపులేని హీరో, చూపులేని ప్రేక్షకుడు

2015 ఏప్రిల్ 10, శుక్రవారం. నెట్‌ఫ్లిక్స్‌లో 'డేర్‌డెవిల్' తొలి సీజన్ 13 ఎపిసోడ్లూ ఒకేసారి వచ్చేశాయి. హీరో మాట్ మర్డాక్‌కి చూపు లేదు. పగలు లాయరు, రాత్రయితే ముసుగు వేసుకుని న్యూయార్క్‌లోని హెల్స్ కిచెన్ వీధుల్లో గూండాల పని పడతాడు. విమర్శకులు మెచ్చుకున్నారు, అభిమానులు నిద్ర మానుకుని చూశారు. చూపులేని ప్రేక్షకులకి మాత్రం ఆ వారాంతంలో డైలాగులూ దెబ్బల చప్పుళ్లే దక్కాయి. తెరమీద ఏం జరుగుతోందో చెప్పే ఆడియో డిస్క్రిప్షన్ ట్రాక్ సీరీస్‌తో పాటు రాలేదు. దాన్ని చేరుస్తున్నామని 14వ తేదీన నెట్‌ఫ్లిక్స్ ప్రకటించింది. తన సొంత సీరీస్‌లకి ఆ సంస్థ ఈ సదుపాయం ఇవ్వడం దీనితోనే మొదలు.

నాలుగు రోజుల ఆలస్యం ఎవరైనా మర్చిపోతారు. అసలు ఆలస్యం అంతకు ముందు దశాబ్దాల్లో జరిగింది.

ఆడియో డిస్క్రిప్షన్, అంటే వర్ణన, బ్రహ్మవిద్యేమీ కాదు. డైలాగుకీ డైలాగుకీ మధ్య దొరికిన ఖాళీలో ఒక గొంతు తెరమీది సంగతి చెబుతుంది: ఎవరు వచ్చారు, మొహం ఎలా పెట్టారు, చేతిలో ఏముంది. వినడం తేలికే, రాయడమే కష్టం. రెండో ఎపిసోడ్ చివర్లో వచ్చే కారిడార్ ఫైటే తీసుకోండి. ఎక్కడా కట్ లేనట్టు సాగే పొడవాటి షాట్ అది. కిడ్నాపైన పిల్లవాడి కోసం మర్డాక్ లోపలికి వస్తాడు. కెమెరా కారిడార్‌లోనే అటూ ఇటూ తిరుగుతుంటే కొట్లాటలో చాలా భాగం పక్క గదుల్లో, మనకి కనబడకుండా జరిగిపోతుంది. ఒక తలుపులోంచి మైక్రోవేవ్ ఓవెన్ ఎగిరొచ్చి ఒకడికి తగులుతుంది. పడ్డవాళ్లు మళ్లీ లేస్తారు. హీరో ఆయాసంతో గోడకి చేరబడతాడు, తూలుతాడు, మళ్లీ కొడతాడు. చివరికి పిల్లవాణ్ని ఎత్తుకుని బయటికి నడుస్తాడు. సూపర్ హీరో అలసిపోవడం కళ్లారా చూడటమే ఆ సీన్ గొప్పతనం. మాటలు దాదాపు లేవు. కళ్లు మూసుకుని వింటే ధబధబలూ మూలుగులూ తప్ప ఎవరిది పైచేయో కూడా అర్థం కాదు. వర్ణన రాసేవాళ్లకి ఇక్కడ ఖాళీకి కొదవ లేదు. ఏది చెప్పాలి, ఏది వదిలేయాలి అన్నదే తలనొప్పి. ప్రతి గుద్దూ చెబుతూ పోతే ఆ చప్పుళ్లు మునిగిపోతాయి. ఊరుకుంటే అలసట తెలియదు.

ఇంకో ముచ్చట ఐదో ఎపిసోడ్‌లో ఉంది. నీకు లోకం ఎలా కనిపిస్తుందని నర్సు క్లెయిర్ అడిగితే, మంటల్లో ఉన్నట్టు ఉంటుందని చెబుతాడు మర్డాక్. ఒక్క క్షణం పాటు తెరంతా ఎర్రబడి, ఆమె మొహం నిప్పుల్లోంచి తేలినట్టు కనిపిస్తుంది. ఒక అంధుడి అనుభవాన్ని చూపించిన ఆ షాట్, వర్ణన లేకపోతే, కళ్లున్నవాళ్లకే పరిమితం!

తయారీలో శ్రద్ధ లేదని మాత్రం అనలేం. మర్డాక్ వేషం కట్టిన చార్లీ కాక్స్ షూటింగ్‌కి ముందు ఒక అంధ సలహాదారుడి దగ్గర చేతికర్ర పట్టడం నుంచి నేర్చుకున్నాడు. ఆ సలహాదారు పనిచేసిన అమెరికన్ ఫౌండేషన్ ఫర్ ది బ్లైండ్ సంస్థే 2015లో కాక్స్‌కి హెలెన్ కెల్లర్ పేరు మీద ఇచ్చే పురస్కారం ఇచ్చింది. అంటే అంధుల గురించి ఆలోచించినవాళ్లు ఉన్నారు. అంధుల్ని ప్రేక్షకులుగా లెక్కలోకి తీసుకునే అలవాటే పరిశ్రమకి ఇంకా పట్టుబడలేదు.

ఈ పద్ధతి అప్పటికే పాతది. 1970లలో శాన్ ఫ్రాన్సిస్కోలో గ్రెగరీ ఫ్రేజియర్ అనే ఆయన, చూపులేని మిత్రుడికి టీవీలో సినిమా చూస్తూ వివరించిన అనుభవంతో దీని మీదే యూనివర్సిటీలో థీసిస్ రాశాడు. 1981లో వాషింగ్టన్‌లోని అరీనా స్టేజ్ నాటకశాలలో మార్గరెట్, కోడీ ఫాన్‌స్టీల్ నాటకాలకి వర్ణన మొదలుపెట్టారు. మార్గరెట్‌కే చూపు సరిగా ఉండేది కాదు. 1990లో బోస్టన్ పబ్లిక్ టీవీ స్టేషన్ డబ్ల్యూజీబీహెచ్ దీన్ని దేశవ్యాప్తంగా పబ్లిక్ టీవీ నెట్‌వర్క్ పీబీఎస్‌లోకి తెచ్చింది. వర్ణన వినాలంటే టీవీలో రెండో ఆడియో చానెల్ నొక్కాలి. చాలాచోట్ల స్పానిష్ ఆడియోకి వాడేదీ ఆ చానెలే. స్పానిష్ వస్తున్నంతసేపూ వర్ణనకి చోటు లేనట్టే.

టెక్నాలజీ చిక్కు ఎలాగో తీరేదే. చట్టం చిక్కు అలా కాదు. వినపడనివాళ్ల కోసం మాటల్ని తెరమీద అక్షరాల్లో చూపించే క్యాప్షన్లకీ చూపులేనివాళ్ల వర్ణనకీ అమెరికా చట్టం మొదట్నించీ వేర్వేరు దార్లు వేసింది. 1990 నాటి చట్టం పుణ్యమా అని 1993 నుంచి 13 అంగుళాలు, అంతకు మించిన ప్రతి కొత్త టీవీలోనూ క్యాప్షన్లు చూపించే చిప్ తప్పనిసరి అయింది. 1996 టెలికాం చట్టం క్యాప్షన్లకి నిబంధనలు పెట్టమని ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీని ఆదేశించింది. వర్ణన విషయంలో మాత్రం ఒక నివేదిక ఇస్తే చాలంది.

అయినా 2000లో ఎఫ్‌సీసీ చొరవ తీసుకుని వర్ణనకీ నిబంధనలు పెట్టింది. హాలీవుడ్ స్టూడియోల సంఘం ఎంపీఏఏ కోర్టుకెళ్లింది. 2002లో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు ఆ నిబంధనల్ని కొట్టేసింది. క్యాప్షన్ ఉన్న మాటనే అక్షరాల్లో పెడుతుంది. వర్ణనకైతే కొత్తగా స్క్రిప్ట్ రాయాలి, అది కార్యక్రమం సరుకులో వేలు పెట్టడం కిందికి వస్తుంది, ఆ అధికారం కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నీకు ఇవ్వలేదు అన్నది కోర్టు వాదన సారాంశం. చట్టం అక్షరాల్ని బట్టి చూస్తే ఆ తర్కంలో పస ఉంది. చూపులేనివాళ్లకి మాత్రం దాని ఖరీదు దాదాపు పదేళ్లు.

2010 అక్టోబర్‌లో ఒబామా సంతకం చేసిన కొత్త చట్టంతో నిబంధనలు ప్రాణం పోసుకున్నాయి. 2012 జులై నుంచి పెద్ద నగరాల్లోని నాలుగు ప్రధాన నెట్‌వర్క్‌ల స్టేషన్లు, ఐదు కేబుల్ చానెళ్లు మూడు నెలలకి 50 గంటల చొప్పున వర్ణనతో కార్యక్రమాలు ఇవ్వాల్సి వచ్చింది. వారానికి దాదాపు నాలుగు గంటలన్నమాట. టీవీలో క్యాప్షన్లతో వచ్చిన కార్యక్రమం ఇంటర్నెట్‌లోకి వెళితే అక్కడా క్యాప్షన్లు ఉండాలని అదే చట్టం చెప్పింది. వర్ణన ఊసు అక్కడ లేదు. టీవీ ముఖమే చూడకుండా నేరుగా స్ట్రీమింగ్‌లో పుట్టే సీరీస్‌లు అసలు దాని పరిధిలోకే రావు. డేర్‌డెవిల్ సరిగ్గా అలాంటిది.

మిగిలింది వికలాంగుల హక్కుల చట్టం, ఏడీఏ. బధిరుల జాతీయ సంఘం 2011లో దాని కిందే నెట్‌ఫ్లిక్స్ మీద మసాచుసెట్స్‌లో దావా వేసింది. వెబ్‌సైట్ కూడా ఆ చట్టం వర్తించే బహిరంగ సేవాస్థలమేనని 2012లో అక్కడి ఫెడరల్ జడ్జి తేల్చాక, ఆ అక్టోబర్‌లో రాజీ కుదిరింది: 2014కల్లా మొత్తం వీడియోలకి క్యాప్షన్లు. కానీ కాలిఫోర్నియా వైపు గాలి వేరు. 2015 ఏప్రిల్ 1న, డేర్‌డెవిల్ విడుదలకి తొమ్మిది రోజుల ముందు, కాలిఫోర్నియా అప్పీళ్లు వినే ఫెడరల్ కోర్టు, తొమ్మిదో సర్క్యూట్, ఇంకో క్యాప్షన్ల కేసులో, భౌతికమైన చోటుతో సంబంధం లేదు కాబట్టి నెట్‌ఫ్లిక్స్‌కి ఏడీఏ వర్తించదని చెప్పింది. తీరం మారితే తీర్పు మారిందన్నమాట.

కాబట్టి ఆ ఏప్రిల్‌లో వర్ణన ఇచ్చితీరాలని నెట్‌ఫ్లిక్స్‌ని గట్టిగా నిలదీయగల స్పష్టమైన నిబంధన లేదు. ఉన్నది ఒత్తిడే. యాక్సెసిబుల్ నెట్‌ఫ్లిక్స్ ప్రాజెక్ట్ పేరుతో చూపులేని వినియోగదారులు అంతకు ముందు నుంచే అడుగుతున్నారు. వాళ్ల గోడుని ఎవరికైనా ఒక్క వాక్యంలో అర్థమయ్యేలా చేసింది డేర్‌డెవిల్. అంధ హీరో సీరీస్ అంధులకి అందడం లేదంటే పత్రికల వాళ్లకి ఇంకో హెడ్డింగ్ వెతుక్కునే పని లేదు. ప్రకటనలోనే 'హౌస్ ఆఫ్ కార్డ్స్', 'ఆరెంజ్ ఈజ్ ద న్యూ బ్లాక్', 'మార్కో పోలో' లాంటివి వరసలో ఉన్నాయని చెప్పారు. 1964లో స్టాన్ లీ, బిల్ ఎవరెట్ కామిక్ పుస్తకంగా పుట్టించిన పాత్ర యాభై ఏళ్ల తర్వాత ఇలా కూడా పనికొచ్చింది.

మరుసటి ఏడాది, 2016 ఏప్రిల్‌లో, అమెరికన్ కౌన్సిల్ ఆఫ్ ది బ్లైండ్, మసాచుసెట్స్‌లోని దాని అనుబంధ సంఘంతో నెట్‌ఫ్లిక్స్ ఒప్పందం చేసుకుంది. వర్ణనలు పెంచడంతో పాటు వెబ్‌సైట్, యాప్‌లు తెరమీది అక్షరాల్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో పనిచేసేలా చేస్తామంది. ఆ రెండోది చిన్నదేమీ కాదు. ట్రాక్ ఉన్నా, దాన్ని ఆన్ చేసే బటన్ ఎక్కడుందో చదివి చెప్పే దిక్కు లేకపోతే ఉండీ లేనట్టే. అయితే ఆ ఒప్పందం సంతకం పెట్టిన సంస్థనే కట్టడి చేస్తుంది. స్ట్రీమింగ్ మొత్తానికీ వర్ణన తప్పనిసరి చేసే బిల్లు 2022లో కాంగ్రెస్ ముందుకొచ్చింది, ఆ సభ గడువు ముగిసేలోగా నెగ్గలేదు. 2023లో మళ్లీ పెట్టారు, అదీ ఆ సభలో చట్టం కాలేదు.