ఏ ఊరి గుంట?

పర్లాకిమిడిలో ఆటో ఎక్కితే కాసేపటికి పాతపట్నంలో దిగుతాం. మొదటిది ఒడిశాలో గజపతి జిల్లా, రెండోది ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా. రెండు చోట్లా తెలుగే వినిపిస్తుంది. పొలాలు మాత్రం ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రం లెక్కలోనే నడుస్తాయి. ఇటు రైతు తన పొలం 80 సెంట్లంటాడు, అటు రైతు 80 డిసిమిల్ అంటాడు. రెండూ ఎకరంలో నూరో వంతే. పేర్లే వేరు.

గుంట కథ దీనికి తలకిందులు. పేరు ఒకటే, కొలత వేరు. ఒడిశాలో గుంట అంటే 4 డిసిమిల్, అంటే ఎకరానికి 25 గుంటలు. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల్లో ఎకరానికి 40. (మా వైపు గుంట అంటే గొయ్యి, ఇంకా ఆడపిల్ల కూడా. ఆ గొడవ ఇక్కడొద్దు.) ఇలాంటి తేడాల్ని యంత్రానికి అర్థమయ్యేలా రాసిపెట్టే పద్ధతి ఒకటుంది, దాని పేరు ఆంటాలజీ. దాని అవసరం మాకెలా తెలిసొచ్చిందో చెప్తాను.

కొన్నేళ్ల కిందట పర్లాకిమిడిలో ఒక ఎరువుల కొట్టుకి చిన్న ప్రోగ్రాం రాసి ఇచ్చాం. రైతు పొలం ఎంతో నొక్కితే యూరియా ఎంత కావాలో, బిల్లు ఎంతో చూపించాలి. ప్రోగ్రాం ఏమేం చేయాలో రాసుకునే రిక్వైర్‌మెంట్ల కాగితంలో పద్నాలుగో వరుస ఇలా ఉంది: "విస్తీర్ణం ఎకరాలు, సెంట్లు, గుంటల్లో ఇవ్వవచ్చు." అంతే. దాన్ని కోడ్‌గా మార్చిన కుర్రాడు హైదరాబాద్‌లో పెరిగినవాడు. గుంటంటే వాడికి నలభయ్యో వంతే. వాడి తప్పనను, నేనూ ఆ వరుస చదివి సరేనన్నాను.

నాలుగు నెలల్లో మూడు టికెట్లు, అంటే ప్రోగ్రాం మీద రాసి పంపే ఫిర్యాదులు, వచ్చాయి. మొదటిది, "యూరియా తక్కువ చూపిస్తోంది". రైతు ఏదో తప్పు నొక్కుంటాడని క్లోజ్ చేశాం. రెండోది, "పట్టాలో ఉన్న ఎకరాలకీ స్క్రీన్ మీద ఎకరాలకీ పొంతన లేదు". దశాంశాల రౌండింగ్ అనుకుని ఏదో సవరించి అదీ క్లోజ్ చేశాం. మూడోది కొట్టులో పనిచేసే ఒడియా అబ్బాయి పంపాడు: "గుంటల్లో ఇస్తే తప్పు, డిసిమిల్‌లో ఇస్తే కరెక్ట్." జవాబంతా అందులోనే ఉంది. అయితే దానికి 'ప్రాధాన్యం తక్కువ' అని తగిలించి పక్కన పెట్టాం. చివరికి కొట్టు ఓనరు బాబాయే స్క్రీన్ ముందు కూర్చుని అడిగాడు: "పాతిక గుంటలంటే నిండా ఎకరం కదరా. ఇది అరవై రెండున్నర సెంట్లంటోందేటి? ఏ ఊరి గుంటరా ఇది?"

ఎకరానికి రెండు బస్తాలు, అంటే 90 కిలోలు పడాల్సిన చోట మా ప్రోగ్రాం 56 కిలోల చిల్లర చూపించింది. మూడు టికెట్లనీ పక్కపక్కన పెడితే ఎవరికైనా తెలిసేది. పక్కపక్కన పెట్టే దారి మా దగ్గర లేదు. మొదటి టికెట్లో యూరియా అనే మాట ఉంది, రెండోదాంట్లో పట్టా, మూడోదాంట్లో గుంట. వెతికితే ఒకదానికొకటి తగలవు.

మా కొట్టు సంగతి చిన్నది. 1999 సెప్టెంబరు 23న అంగారకుడి దగ్గర నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌకదీ ఇదే జబ్బు. నేల మీద ఒక సాఫ్ట్‌వేర్ ఇంజన్ తోపును పౌండ్ల లెక్కలో ఇస్తే, దాన్ని అందుకున్న ఇంకో సాఫ్ట్‌వేర్ న్యూటన్ల లెక్క అనుకుంది. తేడా సుమారు 4.45 రెట్లు. న్యూటన్లలోనే ఇవ్వాలని రిక్వైర్‌మెంట్లలో రాసే ఉంది. దారి లెక్క సరిగ్గా కుదరడం లేదని ముందే కొందరికి అనుమానం వచ్చింది కూడా. ఆ అనుమానం పద్ధతి ప్రకారం నమోదై పైకి వెళ్లలేదని విచారణ బోర్డు తేల్చింది. రాసుకున్న అవసరం ఒక చోట, వచ్చిన అనుమానం ఇంకో చోట, మధ్యలో తాడు లేదు.

ఆ తాడును పేనే పద్ధతుల్లో ఒకటి ఇందాక చెప్పిన ఆంటాలజీ. మాట గ్రీకు నుంచి వచ్చింది. ఉన్నదేమిటి, ఎన్ని రకాలుగా ఉంది అని తత్వవేత్తలు తర్కించుకునే శాస్త్రం పేరది. కంప్యూటర్ వాళ్లు దాన్ని అరువు తెచ్చుకున్నారు. 1993లో టామ్ గ్రూబర్ చెప్పిన నిర్వచనాన్ని నా మాటల్లో పెడితే ఇలా ఉంటుంది: ఒక పనిలో మనం మనసులో పెట్టుకుని మాట్లాడే వస్తువులు, వాటి మధ్య సంబంధాలు, ఇవన్నీ దాపరికం లేకుండా బయటికి రాసి పెట్టడం. నిఘంటువు మాటకు అర్థం చెప్పి ఊరుకుంటుంది. ఆంటాలజీ ఆ అర్థాన్ని యంత్రం లెక్క కట్టగలిగేలా రాస్తుంది.

లెక్క కట్టడం అంటే ఏమిటో మన చుట్టరికాల్లో చూడొచ్చు. 'అమ్మ తోడబుట్టిన మగవాడు మేనమామ' అని ఒక నియమం రాశామనుకోండి. రమణ లక్ష్మికి తమ్ముడు, లక్ష్మి కొడుకు శీను. ఈ రెండే చెప్పాం. రమణ శీనుకి మేనమామ అని ఎవరూ చెప్పకుండానే యంత్రం తేలుస్తుంది. ఇప్పుడు సరిహద్దు దాటదాం. ఒడియాలో మాము అంటే అమ్మ తోడబుట్టినవాడే. పిల్లనిచ్చిన మామకు వాళ్ల దగ్గర వేరే మాట ఉంది. మనం ఆయన్నీ మామ అంటాం, మేనత్త భర్తనీ మామే అంటాం. కాబట్టి ప్రతి మామూ మామే కానీ ప్రతి మామా మాము కాడు. సెంటు, డిసిమిల్ పూర్తిగా ఒకటి. మాము అనేది మామలో ఒక భాగం. ఆ గుంట, ఈ గుంట అసలు రెండు వేర్వేరు వస్తువులు. ఈ మూడు రకాల పోలికల్నీ విడివిడిగా చెప్పగల భాష కావాలి. వెబ్ ప్రమాణాలు రాసే డబ్ల్యూ3సీ 2004లో ఆమోదించిన ఔల్ అలాంటి భాషే. దాని రెండో రూపం 2009లో వచ్చింది.

మామూలు టికెట్ల సాఫ్ట్‌వేర్‌లో కూడా సంబంధాలు ఉంటాయి కదా అంటారు. ఉంటాయి. 'డూప్లికేట్' (పాతదే మళ్లీ వచ్చింది), 'దీనివల్ల అది ఆగింది', ఇంకా 'దీనికి సంబంధించినది'. ఈ మూడోది నా దృష్టిలో సంబంధమే కాదు, మొహమాటం. ఏ రకం సంబంధమో ఆలోచించడానికి ఓపిక లేనప్పుడు తగిలించేది. మొదటిదానితోనూ తంటా ఉంది, దాన్ని కొంచెం విడమర్చి చెప్పాలి.

మన్యంలో జ్వరం అంటే ముందు మలేరియా అనుకుంటారు. అయితే జ్వరం వేరు, మలేరియా వేరు, వేసుకునే మాత్ర వేరు. ఒకే జ్వరం మలేరియా వల్ల రావచ్చు, టైఫాయిడ్ వల్లా రావచ్చు. మలేరియా ఒకరికి చలిగా, ఇంకొకరికి తలనొప్పిగా కనిపించొచ్చు. టికెట్లో మనం ఈ మూడింటినీ కలిపేస్తాం. వాడేవాడు చెప్పేది ఫిర్యాదు, అంటే జ్వరం. కోడ్‌లో ఉన్నది లోపం. మనం చేసేది సవరణ. 'డూప్లికేట్' అనే మాట లోపాల విషయంలో నిజం కావాలి, కానీ మనం ఫిర్యాదుల మాటలు చూసి తగిలిస్తాం. మా మూడు టికెట్లూ మూడు జ్వరాలు, రోగం ఒకటే. ఆంటాలజీలో మొదట చేసే పని ఈ మూడింటికీ మూడు పేర్లు పెట్టడం, వాటి మధ్య గీతలకు కూడా పేర్లు పెట్టడం. ఫిర్యాదు లోపాన్ని బయటపెడుతుంది. లోపం ఒక రిక్వైర్‌మెంటును భంగపరుస్తుంది. రిక్వైర్‌మెంటు ఒక భావనను వాడుకుంటుంది, మా విషయంలో ఆ భావన 'విస్తీర్ణ కొలత'. రిక్వైర్‌మెంటు నెరవేరిందో లేదో ప్రోగ్రాం మీద చేసే పరీక్ష నిర్ధారిస్తుంది.

ఇలా కర్త, సంబంధం, కర్మ అనే మూడు ముక్కల చిన్న వాక్యాలుగా రాస్తే దాన్ని ఆర్‌డీఎఫ్ అంటారు. ప్రశ్నలు వేయడానికి స్పార్‌క్యూల్ అనే భాష ఉంది. "ఈ నాలుగు నెలల్లో విస్తీర్ణ కొలతను తాకిన ఫిర్యాదులన్నీ చూపించు" అని అడిగితే యూరియా, పట్టా, గుంట ఒకే వరుసలో వచ్చి కూర్చుంటాయి.

కొత్తవాళ్లు తప్పకుండా బోల్తా పడే చోటు ఒకటుంది. పరీక్ష లేని రిక్వైర్‌మెంట్లు ఏవని ఔల్ నియమాలతో తేల్చబోతే యంత్రం నోరు విప్పదు. పెళ్లి పిలుపుల కోసం మా అమ్మ రాసుకునే నోటుబుక్కు లాంటిదది. అందులో పేరు లేనంత మాత్రాన ఆయన చుట్టం కాడని కాదు, ఇంకా రాయలేదంతే. రైల్వే రిజర్వేషన్ చార్టు అలా కాదు, పేరు లేకపోతే బెర్తు లేదు. ఔల్ అమ్మ నోటుబుక్కు పక్షం. ప్రాజెక్టులో మనకు తరచుగా చార్టే కావాలి. అందుకు స్పార్‌క్యూల్‌లో 'లేనివి చూపించు' అనే ప్రశ్నలు, ఉండాల్సినవన్నీ ఉన్నాయో లేదో సరిచూసే, 2017లో వచ్చిన షాకల్ నియమాలు పనికొస్తాయి.

ఎక్కడ మొదలుపెట్టాలి? ఈ పని చేసేవాళ్లు ముందు ప్రశ్నలు రాసుకోమంటారు, ఈ ఆంటాలజీ ఏ ప్రశ్నలకు జవాబు చెప్పాలి అని. మేం అది వదిలేసి ఆంటాలజీలు రాసుకోవడానికి స్టాన్‌ఫర్డ్ వాళ్లు చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ ప్రొటెజె తెరిచి, ఫిర్యాదు, లోపం లాంటి వర్గాలు ఉత్సాహంగా అరవైకి పైగా గీశాం. 'రవాణా సంబంధ అపేక్షిత గుణం' లాంటివి కూడా. రెండు వారాల్లో టికెట్ పెట్టడమే మానేసి అందరూ ఫోన్ చేయడం మొదలెట్టారు. ఇప్పుడు ఏడు వర్గాలు, తొమ్మిది సంబంధాలు ఉన్నాయి. పేర్లు కొట్టులో వాళ్లు వాడే మాటలే. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల దగ్గర కూర్చుని విని వాళ్ల మాటల్ని పోగుచేశారు. మేం ఆ కొట్టులో ముందే ఒక పూట కూర్చుని ఉంటే పద్నాలుగో వరుస అలా రాసేవాళ్లం కాదు.

ఏఐకి టికెట్లన్నీ ఇస్తే అదే కలిపేస్తుంది కదా, ఇదంతా ఎందుకని కుర్రాడు అడిగాడు. కొంత నిజమే. యూరియా టికెట్నీ పట్టా టికెట్నీ అది దగ్గరికి తెస్తుందేమో. కానీ పోలికల మీద నడిచేదానికి గుంట, గుంట కంటే ఎక్కువ పోలిన మాటలు ఇంకేం దొరుకుతాయి? ఆ రెంటినీ విడదీసే వాక్యం మాత్రం మనమే రాయాలి. మేం ఇప్పుడు ఏఐనీ వాడుతున్నాం. గీత ఏదో అది సూచిస్తుంది, దాని పేరు మనిషి పెడతాడు.

ఇప్పుడు ఆ స్క్రీన్ మీద గుంట అని నొక్కగానే 'ఎకరానికి 25', 'ఎకరానికి 40' అని రెండు బొత్తాలు వస్తాయి. పోయిన వారం బాబాయి దగ్గర్నుంచి కొత్త టికెట్ వచ్చింది: "బస్తాల లెక్క తేడాగా ఉంది." యూరియా బస్తా 2018 నుంచి 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు. ధాన్యం బస్తా ఎంతని అడిగితే, ఎవరి ధాన్యం అని అడిగాడు.