ఇంట్లో సముద్రపు చేప పిల్లలు: అపోహలు - వాస్తవాలు

"అన్నా, గుడ్లు పెట్టాయి, పిల్లలు బయటికొచ్చాయి, మూడో రోజుకు ఒక్కటీ మిగల్లేదు. ఏం జబ్బంటావు?" నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ ఇవే. జబ్బు కాదు తమ్ముడూ, ఆకలి. కూకట్‌పల్లిలో మా ఫ్లాట్‌లోని చిన్న గదిలో కొన్నేళ్లుగా క్లౌన్ ఫిష్ (నారింజ ఒంటి మీద తెల్ల చారలుండే చిన్న సముద్రపు చేప) పిల్లల్ని తీస్తున్నాను, మొదటి బ్యాచ్‌లన్నీ నా దగ్గరా అలాగే పోయాయి. ఆ పిల్లలు పోవాల్సినవి కావు. అందుకే ఈ అపోహలు ఒక్కొక్కటీ విప్పి చెప్పాలనిపించింది.

అపోహ: సముద్రం లేని ఊళ్లో ఇది కుదరదు. నీళ్లు బాపట్ల నుంచో మచిలీపట్నం నుంచో తెప్పించుకోవాలి.

ఒడ్డున ముంచుకొచ్చిన నీళ్లకన్నా ఇంట్లో కలుపుకున్న నీళ్లనే నేను నమ్ముతాను. ఒడ్డు నీళ్లలో బురద ఉంటుంది, కాలవలు మోసుకొచ్చినవన్నీ ఉంటాయి, వానాకాలంలో నది నీళ్లు కలిసి ఉప్పదనం పడిపోతుంది, పైగా డబ్బాల్లో పోసి 300 కిలోమీటర్లు ఎండలో తెస్తే అవి మునుపటి నీళ్లలా ఉండవు. అక్వేరియం సాల్ట్ మిక్స్‌ను లీటరు ఆర్‌ఓ నీళ్లకు 35 నుంచి 38 గ్రాముల చొప్పున వేసి, ఒక రోజంతా గాలి పెట్టి తిప్పి, సాంద్రత 1.025 దగ్గర ఉందో లేదో చూసుకుంటే చాలు.

ఉప్పు ఉప్పేగా అని కిరాణా కొట్టు రాళ్లుప్పు మాత్రం వాడకండి. ఉప్పు మడిలో నీళ్లు ఎండేటప్పుడు కాల్షియం ముందే అడుగున పేరుకుంటుంది, మెగ్నీషియం చివర మిగిలే చేదు నీళ్లతో బయటికి పోతుంది. మన చేతికి వచ్చేది దాదాపుగా సోడియం క్లోరైడ్ మాత్రమే. సముద్రపు నీళ్లలో లీటరుకు 1300 మిల్లీగ్రాముల దాకా మెగ్నీషియం, 400 దాకా కాల్షియం ఉంటాయి. అవి లేని నీళ్లు నాలుకకు ఉప్పగానే ఉంటాయి కానీ చేపకు అది సముద్రం కాదు.

ఆర్‌ఓ దగ్గర ఇంకో సంగతి. ఇళ్లలో పెట్టే ప్యూరిఫయర్లలో రుచి కోసం బోరు నీళ్లనే కొంచెం తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, కొన్నింటిలో రాగి కార్ట్రిడ్జ్ కూడా ఉంటుంది. మనం తాగడానికి పర్లేదు గానీ వెన్నెముక లేని చిన్న జీవులకు రాగి విషం. ఒకసారి సర్వీసుకు వచ్చిన మెకానిక్ చెప్పకుండా రాగి కార్ట్రిడ్జ్ బిగించి వెళ్లాడు. ఆ నీళ్లతో కలిపిన బకెట్లో, చేప పిల్లల మేతకు నేను పెంచే రోటిఫర్లనే సన్నటి జీవులు రెండు రోజుల్లో అడుగున తెల్లటి పొడిలా పడిపోయాయి. అది తీయించాకే మళ్లీ లేచాయి. అప్పటి నుంచి ట్యాంకులకు వేరే ఆర్‌ఓ పెట్టుకున్నాను.

అపోహ: గుడ్లు పెట్టించడమే అసలు కష్టం. దానికి ఎనిమోన్ (క్లౌన్ ఫిష్ దాక్కునే పువ్వులాంటి సముద్ర జీవి) ఉండాలి, మంచి జత దొరకాలి.

ఎనిమోన్ అక్కర్లేదు. పూలకుండీలు అమ్మే చోట దొరికే చిన్న మట్టి కుండీని పక్కకు పడుకోబెట్టండి, చాలు. జత కోసం ఆడ, మగ వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. ఈ జాతిలో పిల్లలేవీ ఆడవిగా మొదలుకావు. రెండు చిన్న చేపల్ని కలిపి పెంచితే పెత్తనం చేసేది పెరిగి ఆడదవుతుంది, రెండోది మగదిగానే ఉండిపోతుంది. ఆడది చనిపోతే ఆ మగదే ఆడదిగా మారుతుంది. కాబట్టి ఒకటి కాస్త పెద్దది, ఒకటి చిన్నది తీసుకుని కడుపునిండా మంచి తిండి పెడుతూ ఓపిక పట్టండి. నెలలు పట్టొచ్చు, ఏడాది కూడా పట్టొచ్చు.

మొదటి రెండు మూడు సార్లు అవే గుడ్లు తినేస్తే కంగారు పడకండి. కొత్త జతల్లో అది మామూలే.

అపోహ: పిల్లలు వచ్చాక వలతో తీసి వేరే ట్యాంకులో వేస్తే సరిపోతుంది.

ముందు గుడ్లను చూడటం నేర్చుకోవాలి. మొదటి రోజు కుండీ గోడ మీద నారింజ రంగు మచ్చలా కనిపిస్తాయి. మగ చేప నోటితో శుభ్రం చేస్తూ రెక్కలతో గాలి విసురుతూనే ఉంటుంది. నాలుగైదు రోజులకు రంగు ముదురుతుంది. తర్వాత టార్చ్ వేసి చూస్తే ఒక్కో గుడ్డులో రెండేసి వెండి చుక్కలు మెరుస్తాయి. అవి కళ్లు. 27, 28 డిగ్రీల నీళ్లలో అయితే ఏడు, ఎనిమిది రోజులకు, లైట్లు ఆర్పేసిన గంటా రెండు గంటల్లో పగులుతాయి. మా ఇంట్లో ఆ రాత్రి ఆ గదిలో ఎవరూ లైటు వేయరు.

వల మాత్రం వద్దు. 4 మిల్లీమీటర్లు కూడా ఉండని ఒళ్లు అది, వల దారం తగిలినా, గాలి తగిలినా తట్టుకోదు. చీకట్లో ఒక మూల టార్చ్ పెడితే వెలుతురు దగ్గరకు అవే చేరతాయి, అప్పుడు గ్లాసుతో నీళ్లతో సహా ముంచి తీయండి. పిల్లల ట్యాంకులో పోసే నీళ్లు కూడా తల్లిదండ్రుల ట్యాంకు నుంచే తీసుకోండి, వేడి, ఉప్పదనం ఒకేలా ఉంటాయి.

అపోహ: గప్పీ, గోల్డ్ ఫిష్ పిల్లల్ని పెంచినట్టే ఉడికించిన గుడ్డు సొన, పొడి మేత వేస్తే పెరుగుతాయి.

అన్ని బ్యాచ్‌లూ పోయేది ఇక్కడే. మంచినీటి చేపల దగ్గర చేయి తిరిగిన వాళ్లే ఎక్కువగా ఇలా దెబ్బతింటారు. ఈ పిల్లలకు కదలనిది తిండి అని తెలియదు. కాసేపు లెన్స్ పెట్టుకుని చూడండి. ఎదురుగా ఏదో కదిలితే పిల్ల ఆగుతుంది, ఒళ్లు పాములా మెలిపెట్టి ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. ఆ దూకుడు కదిలే దాని మీదకే. సొన అడుగున పడి కుళ్లుతుంది, అమ్మోనియా వస్తుంది, ఉప్పునీళ్ల పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది కాబట్టి అదే అమ్మోనియా మంచినీళ్లలో కన్నా ఎక్కువ విషంగా పనిచేస్తుంది. ఒక పక్క ఆకలి, ఇంకో పక్క విషం.

వాటికి కావలసింది రోటిఫర్లు, కంటికి ధూళిలా కనిపించే జీవులు. వాటి పరిమాణం మిల్లీమీటరులో పదో వంతు నుంచి పదింట మూడు వంతుల దాకా ఉంటుంది. అప్పుడే పొదిగిన ఆర్టీమియా (మేతగా వేసే, రొయ్యలాంటి చిన్న ఉప్పునీటి జీవి) అర మిల్లీమీటరుకు దగ్గరగా ఉంటుంది, మొదటి రోజుల్లో ఈ నోళ్లకు పట్టదు. ఆర్టీమియా ఉందిగా అని ధైర్యంగా ఉండేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

ఎన్ని రోటిఫర్లు కావాలో లెక్క వేద్దాం. మిల్లీలీటరుకు పది ఉండాలనుకుంటే 20 లీటర్ల ట్యాంకుకు రెండు లక్షలు. అవి తింటూ ఉంటే తగ్గినవి పోస్తూ వారం, పది రోజులు నడపాలి. గుడ్లు పెట్టిన రోజున మొదలుపెడితే అందుకోలేం. చేపలు కొనకముందే రోటిఫర్ బకెట్ నడిపించడం మొదలుపెట్టండి అని అందరికీ చెబుతాను, వినేది కొద్దిమందే. సిరంజితో ఒక మిల్లీలీటరు తీసి చుక్క అయోడిన్ వేస్తే రోటిఫర్లు కదలడం ఆగిపోతాయి, లెన్స్ కింద లెక్కపెట్టుకోవచ్చు. రోజూ పావు వంతు నీళ్లు తీసి వాడండి, అంతే కొత్త నీళ్లు పోయండి. వాటికి మేత నానోక్లోరాప్సిస్ అనే పచ్చ నాచు. దాన్ని వేరే గదిలో, వేరే పైపులతో పెంచండి, ఒక్క చుక్క రోటిఫర్ నీళ్లు అందులో పడినా నాచంతా తినేస్తాయి. బకెట్లు ఎప్పుడూ రెండు ఉండాలి. ఒకటి ఎప్పుడో ఒకప్పుడు తప్పకుండా పడిపోతుంది.

ఈ నాచు నీళ్లనే పిల్లల ట్యాంకులో లేత పచ్చ రంగు వచ్చేలా కొంచెం పోస్తాను. రోటిఫర్లకూ తిండి దొరుకుతుంది, పిల్లలకు వేట స్పష్టంగా కనిపిస్తుంది, కొంత అమ్మోనియానూ అది లాక్కుంటుంది.

అపోహ: మంచి ఫిల్టర్, గట్టిగా గాలి, బోలెడు వెలుతురు ఉంటే పిల్లలు బాగుంటాయి.

ఫిల్టర్ పిల్లల్ని లాగేస్తుంది, గట్టి గాలి అటూ ఇటూ కొట్టేస్తుంది. సెకనుకు ఒకటి రెండు బుడగలు వచ్చేలా పైపు పెడితే చాలు. గాజుకు బయట నల్ల కాగితం అంటించండి, లేకపోతే పక్కల నుంచి వచ్చే వెలుతురుకు తలలు గాజుకు కొట్టుకుంటూ వేట మానేస్తాయి. రోజూ సన్నటి గొట్టంతో అడుగు తీసి కొంచెం కొంచెంగా నీళ్లు మార్చాలి.

మన ఊరికి సంబంధించినవి రెండు. ఏప్రిల్, మే నెలల్లో పై అంతస్తు ఫ్లాట్లలో నీళ్లు సులువుగా 31, 32 డిగ్రీలకు పోతాయి, అప్పుడు ఆక్సిజన్ తగ్గుతుంది, ఆవిరై ఉప్పదనం పెరుగుతుంది. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. అందుకే తగ్గిన మేరకు మామూలు ఆర్‌ఓ నీళ్లే పోయాలి, ఉప్పునీళ్లు కాదు. ఇక గాలివాన వచ్చి కరెంటు పోయే సాయంత్రాల కోసం బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఉండి తీరాలి. డిసెంబర్ రాత్రులకు హీటర్ ఎలాగూ ఉండాలి.

అపోహ: క్లౌన్ ఫిష్ వచ్చిందంటే మిగతావీ వస్తాయి.

రావు. నీలి టాంగ్ నీళ్లలోకి వదిలేసే గుడ్లలోంచి వచ్చే పిల్లలకు మొదట నోరే తెరుచుకోదు, తెరుచుకున్నాక వాటికి రోటిఫర్లు పనికిరావు, కోపీపాడ్ అనే సన్నటి సముద్ర జీవుల పిల్లలు కావాలి. పెద్ద ల్యాబ్, నిపుణులు ఉన్న ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వాళ్లు 2016లో గానీ మొదటిసారి పెంచలేకపోయారు. ఇంట్లో రెండో మెట్టుగా ఎంచుకోవాలంటే బంగ్గాయ్ కార్డినల్ మంచిది. మగ చేప గుడ్లను, ఆ తర్వాత పిల్లల్ని కూడా నోట్లోనే కొన్ని వారాలు దాచుకుంటుంది, ఆ రోజుల్లో తను తిండి ముట్టదు. వదిలే పిల్లలు కొన్నే, కానీ మొదటి రోజే ఆర్టీమియా తినేంత పెద్దవి. సీహార్స్ మాత్రం అడగొద్దు. 2001లోనే దాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు, గట్టి పగడాలూ అంతే. ఎవరైనా అమ్ముతున్నా కొనకండి.

అపోహ: చారలు వచ్చాయంటే గట్టెక్కినట్టే.

పది రోజుల అటూ ఇటూ ఒళ్లంతా ముదురు రంగు తిరిగి, తల వెనక మొదటి తెల్ల గీత కనిపిస్తుంది. నీళ్ల మధ్య తేలడం మానేసి అడుగుకు, గోడలకు చేరతాయి. ఆ రోజు నాకు ఇప్పటికీ పండగే. కానీ అప్పటి నుంచే ఆర్టీమియా, తర్వాత పొడి మేత మెల్లగా అలవాటు చేయాలి. ఆర్టీమియా పెంకులు వడకట్టకుండా వేయకూడదు, పొదిగిన కొన్ని గంటల్లోనే పెట్టేయాలి, ఆలస్యమైతే అందులో బలం ఉండదు. పెద్దవి చిన్నవాటిని కొరుకుతాయి కాబట్టి సైజుల వారీగా విడదీయాలి.

రెండో నెలలోనే ఇవ్వమని అడిగేవాళ్లు చాలామంది. ఎంత తెలిసినవాళ్లయినా ఇవ్వను. అంగుళం దాటి, పొడి మేత తిని, రెండు వారాలు ఒక్క చేప కూడా పోకుండా గడిచాకే కవర్లో వేస్తాను. నేను ఏ నీళ్లలో పెంచానో, ఏ మేత వేశానో కాగితం మీద రాసి దాంతో పాటే ఇస్తాను.