మనాదికి సెలైన్ మందు కాదు

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు మా మేనత్త ముందు తంగేడు పూలు, గునుగు కట్టలు తెచ్చి పెట్టారు. పరకాల దగ్గరి మా ఊళ్లో ఆమె పేర్చినంత ఎత్తు బతుకమ్మ ఇంకెవరూ పేర్చరు. ఆ రోజు ఒక్క పువ్వు తీసుకుని, వేళ్ల మధ్య అటూ ఇటూ తిప్పి, మళ్లీ తాంబాళంలో పెట్టేసింది. "ఏం మంచిగనిపిస్తలేదు కొడుకా" అంది. ఏడవలేదు. అలసట అనుకున్నాం.

అప్పటికే మూడు నెలలుగా తలనొప్పి, ఒళ్లు నొప్పులు, గుండె దడ. ఊళ్లో రెండుసార్లు సెలైన్ ఎక్కించారు. వరంగల్ తీసుకెళ్లి తల స్కానింగ్ చేయించాం, ఈసీజీ తీయించాం. అన్నీ నార్మల్. "రోగమేం లేదు, టెన్షన్ పెట్టుకోకమ్మా" అని పంపించారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందని, అన్నం మట్టి తిన్నట్టుందని ఆమె చెబుతూనే ఉంది. వాటిని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నేనూ తీసుకోలేదు.

ఎదురింటి ముసలమ్మ మాత్రం ఒక్క మాటలో తేల్చేసింది: "అది మనాది పెట్టుకున్నది."

మన దగ్గర రంది వేరు, మనాది వేరు. పత్తికి ధర రాకపోతే రంది, బిడ్డ పెళ్లి కుదరకపోతే రంది. ధర వస్తే, పెళ్లి కుదిరితే ఆ రంది పోతుంది. మనాది అలా పోదు. కారణం తీరిపోయినా ఉంటుంది, అసలు కారణమే కనబడకుండా కూడా వస్తుంది, మనిషిని లోపల్నుంచి తినేస్తుంది. డాక్టర్లు డిప్రెషన్‌కు గీసే గీత కూడా దాదాపు ఇక్కడే ఉంటుంది. దిగులుగానో, ఇష్టమైన పని మీద కూడా మనసు పోకుండానో కనీసం రెండు వారాలు, దాదాపు రోజంతా ఉండాలి. దాంతోపాటు నిద్ర, ఆకలి, ఓపిక, ఏకాగ్రత దెబ్బతినడం, తాను ఎందుకూ పనికిరానన్న భావన, చావు ఆలోచనలు వంటి వాటిలో కొన్ని కనబడాలి. మొత్తం తొమ్మిది లక్షణాల్లో ఐదు ఉంటే డిప్రెషన్ అంటారు. ఏడుపు తప్పనిసరేం కాదు.

మరి ఒళ్లు నొప్పులెందుకు? నొప్పినీ దిగులునూ మోసే మెదడు దారులు కొంతవరకు ఒకటే. పైగా "మనసు బాగాలేదు" అంటే ఇంట్లో ఎవరూ ఆటో మాట్లాడరు, "నడుము నొప్పి" అంటే మాట్లాడతారు. అందుకే మన ఆడవాళ్ల మనాది చాలాసార్లు నొప్పుల రూపంలోనే ఆస్పత్రి గడప ఎక్కుతుంది.

2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్ 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వేలో, పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లలో ప్రతి 20 మందిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకసారి డిప్రెషన్ వచ్చినట్టు తేలింది. వాళ్లలో వందకు 85 మంది దాకా చికిత్స అందనివాళ్లే. మందు లేని రోగమైతే ఆ లెక్కను అర్థం చేసుకోవచ్చు. దీనికి మందుంది. కానీ మానసిక వైద్యం అనగానే మనకు "ఎర్రగడ్డకు తోలాలె" అన్న ఎగతాళే గుర్తొస్తుంది. ఆ ఒక్క మాట ఎంతమందిని ఇంట్లోనే కూర్చోబెట్టిందో తలచుకుంటే నాకు కడుపు మండుతుంది. ఎర్రగడ్డ దాకా పోనక్కర్లేదు. వరంగల్ ఎంజీఎంలోనే మానసిక వైద్య విభాగం ఉంది.

మేనత్తను చూసిన డాక్టరమ్మ ముందు థైరాయిడ్, రక్తం పరీక్షలు రాసింది. థైరాయిడ్ తగ్గినా, రక్తం తక్కువైనా మనిషి ఇలాగే డీలా పడతాడు. అవి బాగానే ఉన్నాయని తేలాకే గోళీలు రాసి, "మూడు నాలుగు వారాల దాకా గుణం కనబడదు, ఆపొద్దు" అని రెండుసార్లు చెప్పింది. ఈ మందులు మెదడులో సెరోటోనిన్ అనే రసాయనాన్ని పెంచడం కొన్ని గంటల్లోనే మొదలుపెడతాయి, మనసు తేరుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. అంటే రోగం ఒక రసాయనం తక్కువవడం మాత్రమే కాదు. నరాల మధ్య సంబంధాలు మెల్లగా సర్దుకోవాలి, దానికే ఆ సమయం అని భావిస్తున్నారు. మొదట్లో కడుపులో తిప్పుతుంది. చాలామంది ఆ రెండు వారాల్లోనే మానేస్తారు. ఇవి మత్తుమందుల్లా అలవాటు చేసేవి కావు, కాకపోతే ఒక్కసారిగా ఆపకూడదు. బాగయ్యాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, లేకపోతే తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ.

గోళీలొక్కటే దారి కాదు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన డిప్రెషన్ రోగులతో, శిక్షణ పొందిన మామూలు మనుషులే ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని మాట్లాడారు. వదిలేసిన చిన్న చిన్న పనులను మళ్లీ మొదలుపెట్టించడమే అందులో ముఖ్యం. మూడు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లకంటే వీళ్లలో ఎక్కువమంది కోలుకున్నారు. "నీకేం తక్కువ, ధైర్యంగా ఉండు" అనడం ఈ మాటల వైద్యం కిందికి రాదు. అది ఆ మనిషిని ఇంకా దోషిని చేస్తుంది.

చచ్చిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగడానికి భయపడొద్దు. అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో పురుగుమందు ఉంటే వెంటనే దూరంగా తీసేసి తాళం వేయండి, అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. 2022 అక్టోబర్‌లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు 14416 నంబర్‌లో ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఐదో వారంలో మేనత్త ఫోన్ చేసింది. పచ్చిపులుసులో ఉప్పు ఎక్కువేసిందని కోడలి మీద విసుక్కుంటోంది. వెనక నుంచి కోడలు నవ్వుతున్న చప్పుడు వినిపించింది. నాలుగు నెలల తర్వాత అత్తకు నోటికి ఉప్పు తెలిసింది.