సత్రం రిజిస్టరు, చివరి ‘టీ’ అక్షరం

“తాళం ఏసీసినాను సార్, మరి నా ఫైలెలగ పోనాది?”

శ్రీకాకుళంలో నా దగ్గర లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ నేర్చుకుంటున్న కుర్రాడి ప్రశ్న ఇది. ల్యాబ్‌లో అందరికీ ఉమ్మడిగా ఉన్న డైరెక్టరీలో (ఫోల్డర్‌లో) ప్రాజెక్టు ఫైలు దాచుకున్నాడు. దానికి 600 పర్మిషన్ పెట్టాడు, అంటే చదవడం, రాయడం తనొక్కడికే. మర్నాడు చూస్తే ఫైలు లేదు. అన్ని హక్కులూ ఉండే రూట్ ఖాతా పాస్‌వర్డ్ ఎవరికో తెలిసిపోయిందని వాడి అనుమానం. దాంతో పనే లేదు. ఆ డైరెక్టరీకి 777 ఉంది, అంటే అందులో రాసే హక్కుతో సహా అన్నీ అందరికీ. అది చాలు.

రథసప్తమికి అరసవల్లి వచ్చే జనాన్ని తలుచుకోండి. అక్కడో సత్రం ఉందనుకుందాం. గదులకి తాళాలు, గుమ్మం దగ్గర బల్లమీద రిజిస్టరు. ఏ పేరుకి ఏ గదో అందులో ఉంటుంది. డైరెక్టరీ అంటే సత్రం కాదు, ఆ రిజిస్టరే! ఫైలు వివరాలన్నీ ఐనోడ్ అనే చోట ఉంటాయి. డైరెక్టరీలో ఉండేవి పేరు, దాని పక్కన ఐనోడ్ నంబరు. ఫైలు పర్మిషన్ గది తాళం. డైరెక్టరీ మీద రాసే హక్కు రిజిస్టరు పక్కనున్న పెన్ను. పెన్ను ఎవరికి అందితే వాళ్లు మీ పేరు కొట్టేయొచ్చు. మీ తాళం ముట్టుకోనక్కర్లేదు.

లినక్స్‌కి నమూనా అయిన యూనిక్స్‌లో ఫైలు చెరపడమంటే ఈ పేరు కొట్టెయ్యడమే. ఒకే గది రెండు పేర్ల మీద ఉంటే, అదే హార్డ్ లింక్, ఒకటి కొట్టేసినా గది ఉంటుంది. ఆఖరి పేరూ పోయాక కూడా లోపల ఎవరైనా ఉంటే, అంటే ఏదో ప్రోగ్రాము ఆ ఫైలు తెరిచి ఉంచితే, వాళ్లు బయటికొచ్చేదాకా గది ఖాళీ అవదు. ఇంత పొందిగ్గా కట్టిన ఏర్పాటు చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అయితే పేరు కొట్టెయ్యడం కంటే ప్రమాదం పేరు మార్చడం. మీ పేరు కొట్టేసి, అదే పేరుకి తన గది నంబరు రాసుకుంటే, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన చుట్టం వేరేవాడి గది తలుపు తడతాడు.

దీనికి మందు స్టికీ బిట్, అంటే పర్మిషన్లతో పాటు పెట్టే ఒక గుర్తు. 1974లో ఐదో ఎడిషన్ యూనిక్స్‌లో ప్రోగ్రాముల్ని స్వాప్‌లో (మెమరీకి తోడుగా వాడే డిస్కు జాగాలో) అంటిపెట్టి ఉంచడానికి వచ్చింది, పేరు అందుకే. 1986లో 4.3 బీఎస్‌డీ అనే యూనిక్స్ రకం దాన్ని డైరెక్టరీలకి కొత్త పనిలో పెట్టింది: పేరు ఎవరైనా రాయొచ్చు, కొట్టేయడానికీ మార్చడానికీ మాత్రం ఫైలు సొంతదారు, డైరెక్టరీ సొంతదారు, రూట్, వీళ్లకే వీలు. అందుకే అందరూ తాత్కాలిక ఫైళ్లు పెట్టుకునే టెంప్ డైరెక్టరీకి 1777 ఉంటుంది, ముందున్న 1 స్టికీ బిట్. పర్మిషన్లు చూపించే ఎల్ఎస్ కమాండులో దానికి గుర్తుగా చివర ‘టీ’ కనిపిస్తుంది.

ఏది పనిచేయకపోయినా 777 కొట్టడం మా పిల్లల్లో తాయెత్తు కట్టినట్టు అలవాటైపోయింది. తప్పు మాది, రాసే హక్కు ఫైలుకొకలా, డైరెక్టరీకొకలా పనిచేస్తుందని బోర్డు మీద విడిగా చెప్పం.

స్టికీ బిట్ ఆపలేనిది ఒకటుంది. మీ ప్రోగ్రాము రేపు ఏ పేరు రాస్తుందో ముందే ఊహించి, ఆ పేరుతో సింబాలిక్ లింకు, అంటే వేరే ఫైలుకి దారి మళ్లించే పేరు, పెట్టేవాణ్ణి అది ఆపదు. అందుకే ఊహకందని పేరుతో ఫైలు సృష్టించే ఎంకేటెంప్ కమాండు వాడాలి. 2012లో వచ్చిన లినక్స్ 3.6 కెర్నల్ (సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) ఇలాంటి లింకుల మీద కాపలా కూడా చేర్చింది.

ఆ మధ్యాహ్నమే ల్యాబ్ డైరెక్టరీకి, పర్మిషన్లు మార్చే కమాండుతో, సీహెచ్‌మోడ్ 1777 కొట్టాం. కుర్రాడు కొత్త ఫైలు పెట్టాడు, పక్కవాడు దాన్ని చెరపడానికి ఆర్ఎం కమాండు కొట్టాడు. ‘పర్మిషన్ డినైడ్’ వస్తుందనుకున్నారు. వచ్చింది ‘ఆపరేషన్ నాట్ పర్మిటెడ్’. మొదటిది పెన్ను అందనివాడికి చెప్పే మాట. రెండోది పెన్ను చేతిలో ఉన్నా ఆ పేరు తనది కానివాడికి.