ఎక్స్‌పీ రోజులే బాగుండేవా? పాత, కొత్త విండోస్‌ల మీద అపోహలు - వాస్తవాలు

బెంగళూరు ఎస్పీ రోడ్ దగ్గర 22 ఏళ్లుగా కంప్యూటర్లు రిపేరు చేస్తున్నాను. హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడ షాపులు పెట్టుకున్నవాళ్లు, అవెన్యూ రోడ్‌లో లెక్కలు రాసేవాళ్లు, మారతహళ్లి పీజీల్లో ఉండే మన పిల్లలు మా షాపుకి ఎక్కువగా వస్తుంటారు. మెషిన్ బల్ల మీద పెట్టగానే చాలామంది అనే మాట ఒకటే: "అన్నా, పాత విండోసే బాగుండేది." అందులో కొంత నిజముంది. కానీ నూటికి తొంభైసార్లు తప్పు విండోస్‌ది కాదు, దాని కింద ఉన్న డిస్క్‌దో, ఆగిపోయిన అప్‌డేట్లదో. రోజూ ఒక్కొక్కరికీ విడిగా చెప్పేది ఇవాళ కూర్చుని రాస్తున్నాను.

అపోహ: ఎక్స్‌పీ, సెవెన్ చకచకా నడిచేవి. టెన్, లెవెన్ వచ్చాకే కంప్యూటర్లు నత్తనడక పట్టాయి.

పోయిన నెల చిక్‌పేటలో చీరల షాపు నడిపే ఒక బాబాయ్ ల్యాప్‌టాప్ తెచ్చారు. "ఈ టెన్ తీసేసి సెవెన్ వెయ్యి నాయనా, దీంతో నా ప్రాణం పోతోంది" అన్నారు. ఆన్ చేశాను. డెస్క్‌టాప్ అయితే వచ్చింది గానీ, క్రోమ్ మీద నొక్కితే అది తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు పట్టింది. టాస్క్ మేనేజర్ తెరిచి స్క్రీన్ ఆయన వైపు తిప్పాను. ప్రాసెసర్ 10 శాతం, మెమరీ సగం. డిస్క్ మాత్రం 100 శాతం దగ్గర కదలకుండా కూర్చుంది. "చెవి పెట్టి వినండి బాబాయ్" అన్నాను. లోపల డిస్క్ గరగరమంటూనే ఉంది.

హార్డ్ డిస్క్‌లో ఒక పళ్లెం తిరుగుతుంది, దాని మీద చదివే ముల్లు అటూ ఇటూ కదులుతుంది. మామూలు ల్యాప్‌టాప్ డిస్క్ నిమిషానికి 5,400 చుట్లు తిరుగుతుంది. ఒకే పెద్ద సినిమా ఫైలైతే ఇబ్బంది లేదు. చిన్న చిన్న ముక్కలు వందలకొద్దీ ఒకేసారి కావాలంటే మాత్రం ముల్లు ఎక్కడికక్కడికని పరిగెత్తాలి? సెకనుకి వంద ముక్కలు అందించడమే గగనం. దాని బదులు ఇప్పుడు వేసే ఎస్ఎస్‌డీ అనే చిప్ డిస్క్‌లో తిరిగేదీ లేదు, కదిలేదీ లేదు. చవక రకం కూడా సెకనుకి వేలల్లో అందిస్తుంది. విండోస్ టెన్, లెవెన్ తయారైంది ఇలాంటి డిస్క్ ఉంటుందన్న లెక్కతోనే అని నా అనుభవం చెబుతోంది. విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ స్కానింగ్, అప్‌డేట్లు, సెర్చ్ కోసం ఫైళ్ల జాబితా, అన్నీ ఒక్కసారి డిస్క్ మీద పడతాయి.

మరి ఎక్స్‌పీ అంత తేలిగ్గా ఎలా ఉండేది? దాని మీద అంత పని లేదు కాబట్టి. 2001లో వచ్చినప్పుడు దానికి 64 ఎంబీ ర్యామ్ ఉన్నా చాలు, 128 ఉంటే మంచిదనేవారు. అందులో యాంటీవైరస్ లేదు. నెట్ నుంచి లోపలికి రాకుండా అడ్డుకునే ఫైర్‌వాల్ ఉన్నా ఆఫ్‌లో ఉండేది. 2004లో సర్వీస్ ప్యాక్ 2 వచ్చాకే అది తనంతట తాను ఆన్ అయింది. ఈలోగా 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్, అంటే నెట్‌లో మెషిన్ నుంచి మెషిన్‌కి తనంతట తాను పాకే వైరస్, వచ్చింది. అప్పటికి నేనింకా పని నేర్చుకుంటున్నాను. నెట్ వైరు కలిపిన కాసేపటికే 60 సెకన్లలో మెషిన్ షట్‌డౌన్ అవుతుందని ఒక పెట్టె వచ్చేది, అంకెలు వెనక్కి నడిచేవి. రోజుకి పది మెషిన్లు అదే జబ్బుతో వచ్చేవి. ఎక్స్‌పీ వేగం గురించి ఇప్పుడు మాట్లాడేవాళ్లకి ఆ పెట్టె గుర్తులేదు.

బాబాయ్ ల్యాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ వేసి, ఉన్న విండోస్ టెన్‌నే దాని మీదికి కాపీ చేసి ఇచ్చాను. ఫైళ్లు అవే, ప్రోగ్రాములు అవే. స్విచ్ నొక్కిన 20 సెకన్లకి ఆయన బిల్లింగ్ తెరుచుకుంది. సెవెన్ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఇక ఇందులో నిజమున్న భాగం. లెవెన్‌కి కనీసం 4 జీబీ ర్యామ్ అని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. నాలుగుతో ఎక్కుతుంది, కానీ బ్రౌజర్‌లో ఐదారు ట్యాబులు తెరిస్తే ఊపిరాడదు. నేనైతే 8 జీబీ లేకుండా లెవెన్ వెయ్యను.

అపోహ: నేను రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తాను, కాబట్టి నా కంప్యూటర్ రోజూ కొత్తగా మొదలవుతుంది.

సెవెన్ దాకా ఇది నిజం. 2012లో విండోస్ 8తో ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. అప్పట్నుంచి షట్‌డౌన్ నొక్కితే మీరు తెరిచిన ప్రోగ్రాములు మూతపడతాయి గానీ, విండోస్ గుండెకాయ లాంటి కెర్నెల్, ప్రింటర్ వైఫై లాంటివాటిని నడిపే డ్రైవర్లు ఎలా ఉన్నాయో అలాగే డిస్క్ మీద దాచిపెట్టి, పొద్దున్నే మళ్లీ పైకి తీస్తుంది. ప్రింటర్ పలకకపోయినా, వైఫై మొరాయించినా ఆ మొరాయింపు కూడా దాంతోపాటే లేచి వస్తుంది. నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, సీపీయూ దగ్గర అప్‌టైమ్ అని ఉంటుంది, చూడండి. రోజూ ఆపి వెళ్లే ఒక ఆడిటర్ గారి మెషిన్‌లో 23 రోజులని కనిపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. పూర్తిగా కొత్తగా మొదలవ్వాలంటే రీస్టార్ట్ నొక్కాలి. వారానికి రెండుసార్లు చేసినా నా దగ్గరికొచ్చే కంప్లెయింట్లలో చాలా తగ్గుతాయి.

అపోహ: విండోస్‌లో ఒకటి మంచిది వస్తే తర్వాతది చెత్త. విస్టా చెత్త, సెవెన్ మంచిది, ఎయిట్ చెత్త.

సెవెన్ లోపలి వెర్షన్ నంబరు 6.1. విస్టాది 6.0. అంటే రెండూ ఒక తల్లి బిడ్డలే. 2007లో విస్టా వచ్చినప్పుడు డ్రైవర్ల పద్ధతి మారింది, పాత ప్రింటర్లు, గ్రాఫిక్స్ కార్డులు మొరాయించాయి, అప్పటి మెషిన్లలో ర్యామ్ చాలలేదు. 2009లో సెవెన్ వచ్చేసరికి డ్రైవర్లు కుదురుకున్నాయి, ర్యామ్ ధర దిగింది. తిట్లన్నీ విస్టా తింది, పేరు సెవెన్‌కి వచ్చింది. లెవెన్ కూడా అంతే: కమాండ్ ప్రాంప్ట్‌లో వెర్షన్ అడిగితే ఇప్పటికీ 10.0 అనే మొదలవుతుంది.

అపోహ: ఎక్స్‌పీ, సెవెన్ వాడేవాళ్లు ఎంతమందున్నారని? ఇప్పుడు వాటికి వైరస్ ఎవరు రాస్తారు?

దీని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. పాత విండోస్‌కి కొత్తగా ఎవరూ కూర్చుని రాయక్కర్లేదు. ఒక్కో విండోస్ పాతదాని కోడ్ చాలా మోసుకొస్తుంది, కాబట్టి కొత్తదాంట్లో దొరికిన చిల్లు పాతదాంట్లోనూ ఉండే అవకాశం ఎక్కువ. కొత్తదానికి ఆ చిల్లు పూడ్చే అప్‌డేట్, అంటే ప్యాచ్, వచ్చిన రోజు, ఏ ఫైలు మారిందో విప్పి చూస్తే చిల్లు ఎక్కడుందో తెలిసిపోతుంది. కొత్తదానికి తలుపు మూసుకుంది. పాతదానికి మూసేవాళ్లు లేరు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8తో, సెవెన్‌కి 2020 జనవరి 14తో, టెన్‌కి 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్టు అయిపోయింది.

వన్నాక్రై గుర్తుందా? 2017 మే 12న మొదలైంది. ఫైళ్లన్నీ తాళం వేసి బిట్‌కాయిన్ అడిగేది. ఇంగ్లండ్‌లో ఆసుపత్రులు ఆపరేషన్లు ఆపుకున్నాయి. అది దూరిన చిల్లుకి మార్చి 14నే ప్యాచ్ వచ్చింది. దెబ్బతిన్నవాటిలో అత్యధికం ఎక్స్‌పీలు కావు, అప్‌డేట్ ఆపుకున్న విండోస్ సెవెన్‌లు. అప్పటికి సెవెన్‌కి సపోర్టు ఉంది! బ్లాస్టర్ కథ కూడా అదే, నెల ముందే ప్యాచ్ వచ్చింది. అందుకే మెషిన్ చేతిలోకి తీసుకోగానే నేను అడిగేది ఏ విండోస్ అని కాదు, చివరి అప్‌డేట్ ఎప్పుడు పడిందని.

అయితే పాతదాన్ని పాతగానే ఉంచాల్సిన చోటు కూడా ఉంది. పీణ్యలో ఒక వర్క్‌షాపులో లేత్ మెషిన్‌ని నడిపే కంప్యూటర్‌లో ఎక్స్‌పీ ఉంది. ఆ మెషిన్ కార్డుకి కొత్త డ్రైవర్ లేదు, మెషిన్ మార్చాలంటే లక్షలు. నేను దాన్ని ముట్టుకోలేదు. నెట్ వైరు పీకేశాను, వైఫై కార్డు తీసేశాను, డిస్క్‌కి అచ్చంగా ఇంకో కాపీ చేసి బీరువాలో పెట్టించాను. పెన్‌డ్రైవ్ ఒక్కటే దారి, అది కూడా ఆ మెషిన్‌కి మాత్రమే, వేరే కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే. నెట్ లేకపోతే భయం లేదనుకోకండి, 2008లో వచ్చిన కాన్‌ఫికర్ అనే వార్మ్ పెన్‌డ్రైవ్‌ల మీద కూడా తిరిగింది.

అపోహ: కొత్త విండోస్ తెలుగుని పాడుచేసింది.

పెళ్లి కార్డులు వేసే మనవాళ్ల నుంచి ఇది వింటాను. పాత అను ఫాంట్లలో చేసిన ఫైలు కొత్త కంప్యూటర్‌లో తెరిస్తే "శుభలేఖ" ఉండాల్సిన చోట ఏవేవో గీతలు, గుర్తులు కనిపిస్తాయి. ఆ ఫైలులో ఉన్నది అసలు తెలుగు కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టిన ఫాంటది. ఫాంటు లేకపోతే బొమ్మ పోయి కిందున్నది బయటపడుతుంది. ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగుగానే ఉండే యూనికోడ్ తెలుగు విషయంలో నిజానికి పాతదే కష్టం. ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు ఉన్నా, కంట్రోల్ ప్యానెల్‌లో ఒక టిక్కు పెట్టాలి, పెట్టగానే సీడీ అడిగేది, ఆ సీడీ ఎవరి దగ్గరా ఉండేది కాదు. ఇప్పుడు అమ్మ పంపిన తెలుగు మెసేజ్ ఏ టిక్కూ లేకుండా కనిపిస్తోంది.

పాత ప్రోగ్రాముల బాధ మాత్రం నిజం. డాస్ రోజుల్లో ఫాక్స్‌ప్రోలో రాయించుకున్న బిల్లింగ్ 16 బిట్‌ది. 64 బిట్ విండోస్‌లో అది కదలదు, లెవెన్‌లో 32 బిట్ రకమే లేదు. అలాంటివాళ్లకి కొత్త విండోస్ లోపలే వర్చువల్ మెషిన్, అంటే ఉత్తుత్తి కంప్యూటర్ ఒకటి, పెట్టి, అందులో పాత విండోస్, నెట్ లేకుండా పెట్టిస్తాను.

అపోహ: లెవెన్ ఎక్కకపోతే కంప్యూటర్ పారేయాల్సిందే.

ముందు బయోస్‌లో, అంటే విండోస్ మొదలవ్వక ముందు తెరుచుకునే సెట్టింగుల్లో, చూడండి. లెవెన్ అడిగే సెక్యూరిటీ భాగం టీపీఎం 2.0 లేదని చెప్పే మెషిన్లలో చాలావాటికి అది లోపలే ఉంటుంది, ఆఫ్‌లో. ఇంటెల్‌లో పీటీటీ అని, ఏఎండీలో ఎఫ్‌టీపీఎం అని ఉంటుంది, ఆన్ చేస్తే చాలు. ఇంటెల్ 8వ తరం కంటే పాత ప్రాసెసర్ అయితే మాత్రం దాదాపు అన్నీ లెవెన్ జాబితాలో లేనట్టే. విండోస్ లోపలి సెట్టింగుల చిట్టా రిజిస్ట్రీని మార్చి బలవంతంగా ఎక్కించేవాళ్లున్నారు. అలా ఎక్కించినవాటికి అప్‌డేట్లు వస్తాయన్న హామీ మైక్రోసాఫ్ట్ ఇవ్వదు, కాబట్టి ఆఫీసు పనికి నేను చెయ్యను. టెన్‌లోనే ఉండేవాళ్లకి ఇంటి వాడకం కింద నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇస్తామని ప్రకటించింది, ఆ నమోదు చేసుకోండి.

ఇంకో దారిలో వెళ్లకండి. ఒక పీజీ కుర్రాడు "లైట్ ఎడిషన్" అని ఎక్కడో ఎక్కించుకుని వచ్చాడు. వేగంగానే ఉంది. తెరిచి చూస్తే డిఫెండర్ లేదు, అప్‌డేట్ సర్వీసు మొత్తం కోసేశారు. అదే మెషిన్‌లో అతని బ్యాంకు పాస్‌వర్డ్ ఉంది, ఆఫీసు మెయిల్ ఉంది. ఆ రాత్రే తుడిచి అసలుది వేశాం. పాస్‌వర్డ్‌లన్నీ నా ముందే, తన ఫోన్‌లో మార్పించాను.

కోర్ టూ డుయో లాంటి మరీ పాత మెషిన్లయితే లెవెన్‌లో 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్ అసలు బూటే అవ్వదు, అది అడిగే కొన్ని ఆదేశాలు ఆ ప్రాసెసర్‌కి తెలియవు. జయనగర్‌లో రిటైరైన టీచరమ్మ ఒకరి మెషిన్ అలాంటిదే. ఎస్ఎస్‌డీ వేసి, విండోస్ బదులు ఉచితంగా దొరికే లైనక్స్ మింట్ ఎక్కించాను. ఆవిడ చూసేది మెయిల్, యూట్యూబ్‌లో ప్రవచనాలు, తెలుగు పేపర్లు. ఫైర్‌ఫాక్స్ గుర్తు పాత చోటే పెట్టాను. అప్‌డేట్ గుర్తు కనిపిస్తే నొక్కమ్మా అని చెప్పాను, నొక్కుతున్నారు.