టైఫాయిడ్ క్రిమి ఏం పోగొట్టుకుంది, ఏం తెచ్చుకుంది

మొన్న వానాకాలంలో మా మేనత్తకి తొమ్మిది రోజులు జ్వరం తగ్గకపోతే గుంటూరు కొత్తపేటలో ఒక ఆసుపత్రిలో చేర్పించాం. అప్పటికే ఊళ్లో విడాల్ టెస్టు (టైఫాయిడ్ కోసం చేసే ఒక రక్తపరీక్ష) చేయించుకుని, పాజిటివ్ అనగానే నాలుగు రోజులు సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు వేయించుకుని వచ్చింది. ఆ తర్వాత, రక్తంలోని క్రిముల్ని సీసాలో పెంచి చూడ్డానికి తీసిన బ్లడ్ కల్చర్‌లో ఏమీ పెరగలేదు. "ఏమీ లేదన్నారుగా, ఇంకా ఎందుకురా నీకు టెన్షన్?" అంది అత్త.

లేదని కాదత్తా, దొరకలేదని.

టైఫాయిడ్ వచ్చిన పెద్దవాళ్ల రక్తంలో చాలాసార్లు ఒక మిల్లీలీటరుకి ఒక్క బాక్టీరియా కూడా ఉండదు. ఉన్నవాటిలో ఎక్కువ భాగం మన తెల్ల రక్తకణాల లోపలే దాక్కుని ఉంటాయి. అందుకే కల్చర్ సీసాలోకి ఎనిమిది, పది మిల్లీలీటర్ల రక్తం తీస్తారు. మందు పడకముందు తీసినా నూటికి అరవై మందిలోనే దొరుకుతుంది, ఇక పడ్డాక తీస్తే చెప్పేదేముంది. నేను పిల్లలకి మైక్రోబయాలజీ చెబుతాను, అయినా ప్రతిసారీ ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతాను: ఇంత కొద్దిమందితో, ఇంత చప్పుడు లేకుండా మనిషి రక్తంలో బతకడం ఈ క్రిమికి ఎలా వచ్చింది?

జవాబు దాని మొత్తం డీఎన్ఏ రాతలో, అంటే జీనోమ్‌లో ఉంది. వియత్నాంలో ఒక రోగి నుంచి తీసిన ఈ టైఫాయిడ్ క్రిమి (సాల్మొనెల్లా) జీనోమ్ మొత్తాన్ని 2001లో చదివి ప్రచురించారు. దాదాపు 48 లక్షల అక్షరాలు. అందులో రెండు వందలకు పైగా జన్యువులు విరిగిపోయి ఉన్నాయి! దీని దాయాది, టైఫిమ్యూరియం అనే ఇంకో రకం సాల్మొనెల్లా, కోళ్లలో, పశువుల్లో, మనుషుల్లో ఎక్కడైనా బతుకుతుంది. పేగుల్లో రచ్చ చేసి విరేచనాలు పట్టిస్తుంది. టైఫాయిడ్ క్రిమి అలా కాదు, మనిషిని తప్ప ఇంకెవరినీ నమ్ముకోలేదు. వ్యవసాయం మానేసి పట్నంలో అద్దె ఇంటికి మారినవాళ్ల అటక మీద నాగలి తుప్పు పట్టినట్టు, పేగుల్లో బతకడానికి పనికొచ్చే జన్యువులు చాలావరకు దానిలో అలాగే పాడై పడి ఉన్నాయి. టైఫాయిడ్ లాంటి జ్వరాన్నే తెచ్చే పారాటైఫాయిడ్-ఏ క్రిమి కూడా విడిగా ఇదే దారి పట్టింది, అందులోనూ విరిగిన జన్యువులు బోలెడు.

పోగొట్టుకోవడమే కాదు, తెచ్చుకున్నదీ ఉంది. లక్షా ముప్పై వేల అక్షరాలకు పైగా ఉన్న ఒక పెద్ద డీఎన్‌ఏ ముక్క బయటి నుంచి వచ్చి దాని జీనోమ్‌లో చేరింది. 'వీఐ' అనే చక్కెర పూత తయారుచేసే జన్యువులు అందులోనే ఉన్నాయి. ఆ పూత కప్పుకుంటే మన రోగనిరోధక వ్యవస్థకి దాని వాసన సరిగా తగలదు.

ఇక మందుల సంగతి. ఈ క్రిమి జీనోమ్‌లో ఏడాదికి సగటున ఒక అక్షరం కూడా మారదు, అంత నెమ్మది. కానీ ఒక్క అక్షరం మారాల్సిన చోట మారితే చాలు. మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ టైఫాయిడ్‌కి పనిచేయకుండా పోయింది చాలావరకు అలాంటి మార్పుల వల్లే. ఇంకో దారి మరీ భయం పుట్టిస్తుంది. 2016లో పాకిస్తాన్‌లో, సింధ్‌లోని హైదరాబాద్‌లో (మన హైదరాబాద్ కాదు), సెఫ్ట్రియాక్సోన్‌కి కూడా లొంగని టైఫాయిడ్ మొదలైంది. జీనోమ్ చదివితే తెలిసిందేమిటంటే, దక్షిణాసియాలో ఎప్పటినుంచో తిరుగుతున్న హెచ్58 అనే సంతతికి, ఈ.కోలై అనే పేగుల బాక్టీరియాలో కనిపించేలాంటి ఒక ప్లాస్మిడ్, అంటే ఒక క్రిమి నుంచి ఇంకో క్రిమికి దాటగలిగే చిన్న డీఎన్‌ఏ చుట్ట, దొరికింది. ఏళ్ల తరబడి అక్షరం అక్షరం మారక్కర్లేదు, ఒకేసారి చేతికొచ్చింది. మా అత్తకి ఊళ్లో వేసింది ఆ మందే కాబట్టే నాకు అంత ఆందోళన.

ఒక్క సంగతి మాత్రం నాకు నిజంగా ధైర్యాన్నిస్తుంది. ఒకప్పుడు పనికిరాకుండా పోయాయనుకున్న క్లోరాంఫెనికాల్, కోట్రైమోక్సజోల్ లాంటి పాత మందులకి మన దేశంలో ఈ క్రిమి చాలావరకు మళ్లీ లొంగుతోంది. వాటి వాడకం తగ్గాక, ఆ మందుల్ని తట్టుకునే జన్యువులున్న క్రిములూ తగ్గిపోయాయి.

ఇంకోటి, ఆ చక్కెర పూతే దానికి ఉరితాడు కూడా అయింది. మన హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ కాంజుగేట్ టీకా ఆ పూతనే మన ఒంటికి గుర్తుపట్టడం నేర్పుతుంది. 2017 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని ఆమోదిత జాబితాలో చేర్చింది. 2019లో దాన్ని పిల్లల సాధారణ టీకాల్లో చేర్చిన మొదటి దేశం పాకిస్తానే, అదీ సింధ్ నుంచే మొదలుపెట్టింది.

అత్తకి పన్నెండో రోజున జ్వరం తగ్గింది, ఇంటికొచ్చింది. అది హెచ్58 సంతతో, ఏ ప్లాస్మిడ్ మోస్తోందో, అసలు టైఫాయిడేనో చెప్పగలిగింది ఆ సీసాలో పెరగాల్సిన క్రిమి ఒక్కటే. దానికంటే నాలుగు రోజుల ముందే మందు పడిపోయింది.